చందమామ మీదికి మొదటి మనుషులు: అపోలో యాత్రలపై తరచుగా అడిగే ప్రశ్నలు

చంద్రయాన్-3 దిగినప్పటి నుంచి పిల్లలు, వాళ్లతోపాటు పెద్దలు కూడా అమెరికా చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన అపోలో గురించి మళ్లీ అడుగుతున్నారు. చాలామందికి తెలిసింది ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు, ఒక జెండా ఫోటో, ఆపైన "అదంతా స్టూడియోలో తీశారట కదా" అనే మాట. ఆ ఒక్క అడుగు వెనుక ఎనిమిదేళ్ల పని ఉంది. ఒక్కో ఫ్లైట్‌తో ఒక్కో సందేహం తీర్చుకుంటూ, ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకుని మరీ నేర్చుకుంటూ వెళ్లారు. ఆ పని కూడా కనబడాలనే ఈ జవాబులు కాస్త వివరంగా రాశాను.

అమెరికా చంద్రుడినే ఎందుకు ఎంచుకుంది?

అప్పటికి అంతరిక్ష పోటీలో అమెరికా వెనకబడి ఉంది కాబట్టి. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పంపింది. 1961 ఏప్రిల్ 12న యూరి గగారిన్ భూమి చుట్టూ తిరిగి వచ్చాడు. మే 5న అలెన్ షెపర్డ్ అమెరికా తరఫున పైకి వెళ్లాడు గానీ, ఆ ప్రయాణం మొత్తం పావుగంటే. కక్ష్యలోకి కూడా చేరలేదు. ఆ పావుగంట అనుభవంతోనే, మే 25న అధ్యక్షుడు కెన్నెడీ అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి, ఈ దశాబ్దం ముగిసేలోపు మనిషిని చంద్రుడి మీద దించి క్షేమంగా వెనక్కి తెస్తామని ప్రకటించాడు.

ఇది ఆవేశంలో అన్న మాటేం కాదు. దగ్గరి లక్ష్యం ఏది పెట్టుకున్నా, పెద్ద రాకెట్లు అప్పటికే చేతిలో ఉన్న సోవియట్లదే పైచేయి అవుతుంది. చంద్రుడి మీద మనిషిని దించాలంటే మాత్రం రెండు దేశాలూ కొత్త రాకెట్ కట్టుకోవాల్సిందే. ఇద్దరూ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పోటీ అదొక్కటే.

ఒకే నౌకలో వెళ్లి దిగి రాకుండా రెండు నౌకలు ఎందుకు?

మొదట ఒకే నౌక అనే అనుకున్నారు. కానీ తిరుగు ప్రయాణపు ఇంధనం, వేడి కవచం, పారాచూట్లు అన్నీ చంద్రుడి మీదికి దించి మళ్లీ పైకి లేపాలంటే ఊహకందనంత పెద్ద రాకెట్ కావాలి. నాసా లాంగ్లీ పరిశోధన కేంద్రంలోని జాన్ హూబోల్ట్ అనే ఇంజనీరు వేరే దారి కోసం పట్టుబట్టాడు. పెద్ద నౌకను చంద్రుడి కక్ష్యలోనే ఉంచి, ఇద్దరు మాత్రం చిన్న ల్యాండర్‌లో దిగి, పని ముగించుకుని పైకొచ్చి దాన్ని కలుసుకోవాలి. ఎవరూ పట్టించుకోకపోతే 1961 నవంబరులో పై అధికారులందరినీ దాటి నేరుగా నాసా అగ్ర నాయకత్వంలోని రాబర్ట్ సీమన్స్‌కే ఉత్తరం రాశాడు. 1962 జులైలో నాసా ఆ పద్ధతినే ఖరారు చేసింది. ఆ ఉత్తరం లేకపోతే 1969 గడువు అందేది కాదని నా నమ్మకం.

ఇందులో ఒక పెద్ద చిక్కుంది. భూమికి దాదాపు 4 లక్షల కిలోమీటర్ల దూరంలో రెండు నౌకలు ఒకదాన్నొకటి వెతుక్కుని కలవాలి. 1962 నాటికి భూమి కక్ష్యలో కూడా ఎవరూ ఆ పని చేయలేదు. అది నేర్చుకోవడానికే 1965, 1966లలో మనుషులతో పది జెమిని ఫ్లైట్లు నడిపారు. మొదటి డాకింగ్, అంటే రెండు నౌకలను అతికించడం, చేసింది జెమిని-8లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్. డాక్ అయిన కాసేపటికి ఒక థ్రస్టర్ మూసుకోక నౌక గిరగిరా తిరగడం మొదలైంది. ఇద్దరూ స్పృహ తప్పే స్థితికి వచ్చిన దశలో ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని అదుపులోకి తెచ్చాడు. తర్వాత చంద్రుడి మీద దిగే బాధ్యత అతనికి దక్కడం ఆశ్చర్యమేమీ కాదు.

శాటర్న్-5 నిజంగా అంత పెద్దదా?

అపోలోను చంద్రుడి వైపు పంపిన రాకెట్ అది. ఎత్తు సుమారు 110 మీటర్లు, బరువు దాదాపు 2,900 టన్నులు. మొదటి దశలోని ఐదు ఎఫ్-1 ఇంజన్లు సెకనుకు 13 టన్నుల దాకా కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ మింగేవి. రెండున్నర నిమిషాల్లో ఆ దశ పని అయిపోయి సముద్రంలో పడిపోయేది. ఇంత పెద్ద రాకెట్‌లో చివరికి భూమికి తిరిగొచ్చేది ఆరు టన్నుల లోపు బరువున్న క్యాప్సూల్ ఒక్కటే.

అపోలో-1లో ఏం జరిగింది?

అది ఎగరనేలేదు. 1967 జనవరి 27న లాంచ్ ప్యాడ్ మీద రిహార్సల్ జరుగుతోంది. రాకెట్‌లో ఇంధనం నింపలేదు కాబట్టి దాన్ని ప్రమాదకరమైన పరీక్షల జాబితాలో కూడా చేర్చలేదు. లోపల గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ ఉన్నారు. క్యాబిన్ నిండా స్వచ్ఛమైన ఆక్సిజన్, అదీ బయటి గాలి కంటే ఎక్కువ ఒత్తిడిలో. అలాంటి చోట వెల్‌క్రో, నైలాన్ వలలు కూడా భగ్గుమంటాయి. ఎక్కడో వైర్ల దగ్గర నిప్పురవ్వ పుట్టింది. తలుపు లోపలికి తెరుచుకునే రకం. మంటలతో లోపలి ఒత్తిడి పెరిగిపోవడంతో దాన్ని ఎంత బలవంతుడైనా లాగలేడు. మామూలు పరిస్థితిలోనే అది తెరవడానికి నిమిషంన్నర పడుతుంది. వాళ్లకు ఇరవై సెకన్లు కూడా దొరకలేదు.

ఆ ముగ్గురికీ తమ నౌక మీద ముందునుంచీ అనుమానమే. అంతకు కొన్ని నెలల ముందు క్యాప్సూల్ నమూనా ముందు కూర్చుని, తలలు వంచి, చేతులు జోడించి ప్రార్థిస్తున్నట్టు ఫోటో దిగి ప్రాజెక్టు మేనేజరుకు ఇచ్చారు. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

తర్వాత 20 నెలల పాటు మనుషులతో ఫ్లైట్లు లేవు. తలుపును కొన్ని సెకన్లలో బయటికి తెరుచుకునేలా మార్చారు. ప్యాడ్ మీద ఉన్నప్పుడు క్యాబిన్‌లో ఆక్సిజన్‌తో పాటు నైట్రోజన్ కలిపారు. మండే వస్తువులు తీసేశారు. వైరింగ్‌ను మార్చి మెరుగుపరిచారు. తర్వాత వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగి రావడంలో ఈ మార్పుల పాత్ర చాలా పెద్దది.

చంద్రుడి దగ్గరికి మొదట వెళ్లింది ఎవరు? ఆర్మ్‌స్ట్రాంగ్ కాదా?

కాదు. ఫ్రాంక్ బోర్మన్, జిమ్ లోవెల్, బిల్ ఆండర్స్. అపోలో-8, 1968 డిసెంబరు 21. నన్నడిగితే మొత్తం అపోలోలో అన్నిటికంటే గుండె ధైర్యం కావలసిన నిర్ణయం ఇదే.

అసలు ప్లాన్ ప్రకారం ఆ ఫ్లైట్ భూమి కక్ష్యలో ల్యాండర్‌ను పరీక్షించాలి. ల్యాండర్ తయారీ ఆలస్యమైంది. అపోలో విభాగంలోని జార్జ్ లో, ఖాళీగా కూర్చోకుండా ల్యాండర్ లేకుండానే చంద్రుడి దాకా వెళ్లొద్దామని 1968 ఆగస్టులో ప్రతిపాదించాడు. సోవియట్లు కూడా దగ్గర పడుతున్నారు. సెప్టెంబరులో వాళ్ల జోండ్-5 తాబేళ్లను చంద్రుడి చుట్టూ తిప్పి భూమికి తెచ్చింది. అయితే శాటర్న్-5 అప్పటికి ఎగిరింది రెండే సార్లు, అదీ మనుషులు లేకుండా. రెండోసారి, అంటే అపోలో-6లో, విపరీతంగా ఊగిపోయి, రెండు ఇంజన్లు మధ్యలో ఆగిపోయాయి. ఆ లోపాలు సరిచేశామన్న నమ్మకంతో మూడోసారే మనుషుల్ని ఎక్కించారు.

చంద్రుడి కక్ష్యలోకి చేరాలంటే నౌక వెనుక భాగంలోని ఒకే ఒక్క ఇంజన్‌ను సుమారు నాలుగు నిమిషాలు మండించాలి. అది కూడా చంద్రుడి అవతలి వైపు, రేడియో అందని చోట. తక్కువ మండితే దారి తప్పుతుంది, ఎక్కువ మండితే చంద్రుణ్ని ఢీకొడుతుంది. తిరిగి రావడానికీ అదే ఇంజన్. దానికి స్పేర్ లేదు. అందుకే ఇంధనం, ఆక్సిడైజర్ ఒకదానికొకటి తగలగానే వాటంతటవే అంటుకునే రకం వాడారు. స్పార్క్ ప్లగ్ లాంటిది ఏదీ లేకపోతే పాడవడానికీ ఏమీ ఉండదు కదా.

20 గంటల్లో పదిసార్లు చుట్టారు. డిసెంబరు 24న నాలుగో చుట్టులో ఆండర్స్ చంద్రుడి అంచు మీదుగా భూమి పైకి రావడం చూశాడు. అప్పుడతని కెమెరాలో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ఉంది. కలర్ ఫిల్మ్ తొందరగా ఇవ్వమని లోవెల్‌ను అడిగి, మార్చుకుని క్లిక్ చేశాడు. మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, బూడిద రంగు నేల మీద నీలిగోళం సగం కనబడే ఆ ఫోటో.

అపోలో-7, 9, 10 ఎందుకు?

ఏడు: మార్చిన క్యాప్సూల్‌ను భూమి కక్ష్యలో పదకొండు రోజులు నడిపి చూశారు. తొమ్మిది: ల్యాండర్‌ను మొదటిసారి మనుషులతో, భూమి కక్ష్యలోనే. పది: చంద్రుడికి సుమారు 15 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగి, దిగకుండానే వెనక్కి వచ్చేశారు. దిగడం తప్ప అన్నీ చేసిన రిహార్సల్ అది.

అపోలో-11 దిగేటప్పుడు అలారం మోగిందట, నిజమేనా?

నిజమే, ఒక్కసారి కూడా కాదు. 1969 జులై 20న ల్యాండర్ కిందికి దిగుతుండగా కంప్యూటర్ తెర మీద 1202 అనే నంబరు వచ్చింది. కంప్యూటర్‌కు మోయలేనంత పని పడిందని దాని అర్థం. పైనున్న నౌకను కలుసుకునేటప్పుడు వాడే, ఆ సమయంలో అక్కర్లేని రాండెవూ రాడార్ నుంచి సిగ్నళ్లు వచ్చి పడటం వల్ల అలా అయింది. ల్యాండర్‌లో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్‌లకు ఆ నంబరు ఏమిటో తెలియదు. దిగాలా, ఆపేయాలా అన్నది కొన్ని సెకన్లలో తేలాలి.

హ్యూస్టన్ కంట్రోల్ రూములో ఆ నిర్ణయం 26 ఏళ్ల స్టీవ్ బేల్స్‌ది. అతనికి వెనక గది నుంచి 24 ఏళ్ల జాక్ గార్మన్ పర్వాలేదు, వెళ్లొచ్చు అని చెప్పాడు. గార్మన్ అంత త్వరగా ఎలా చెప్పగలిగాడు? కొద్ది రోజుల ముందు జరిగిన సిమ్యులేషన్‌లో ఇలాంటి అలారమే వస్తే, బేల్స్ కంగారుపడి ల్యాండింగ్ రద్దు చేయించాడు. అది తప్పు నిర్ణయమని తేలింది. ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ ఊరుకోలేదు. రాగల ప్రతి అలారానికీ ఏం చేయాలో రాసి పెట్టుకోమన్నాడు. గార్మన్ వాటన్నిటినీ చేత్తో ఒక కాగితం మీద రాసుకుని టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడు. జులై 20న ఆ కాగితమే చూశాడు.

ఆ గండం గడిచాక ఇంకోటి. కంప్యూటర్ తీసుకెళ్తున్న చోట పెద్ద గొయ్యి, చుట్టూ కారంత బండరాళ్లు. ఆర్మ్‌స్ట్రాంగ్ కంట్రోల్ తన చేతిలోకి తీసుకుని ఆ రాళ్లు దాటించి ముందుకు నడిపాడు. ఇంధనం తగ్గిపోతోంది. హ్యూస్టన్ నుంచి చార్లీ డ్యూక్ 60 సెకన్లు, ఆ తర్వాత 30 సెకన్లు అని చెబుతున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతులో తేడా తెలియలేదు గానీ గుండె మాత్రం నిమిషానికి 150 సార్లు కొట్టుకుంది. దిగారు.

మన సెల్‌ఫోన్ కంటే తక్కువ కంప్యూటర్‌తో ఎలా దిగారు?

ఎంత తక్కువంటే, మార్చగలిగే మెమరీ 2,048 పదాలు, శాశ్వత మెమరీ సుమారు 36,000 పదాలు, అంతే. అయినా అందులో ఒక గొప్ప ఏర్పాటు ఉంది. పని మీద పడినప్పుడు ముఖ్యం కానివి పక్కన పెట్టి, ల్యాండింగ్‌కు కావలసినవి మాత్రం నడిపేది. 1202 మోగినా నౌక అదుపు తప్పకపోవడానికి కారణం అదే. ఎంఐటీలో మార్గరెట్ హామిల్టన్ నాయకత్వంలోని బృందం ఆ సాఫ్ట్‌వేర్ రాసింది.

ఆ శాశ్వత మెమరీని మసాచుసెట్స్‌లోని రేథియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు చేత్తో అల్లారు. చిన్న అయస్కాంత రింగు లోపల నుంచి తీగ వెళ్తే ఒకటి, పక్క నుంచి వెళ్తే సున్నా. మగ్గం మీద ఒక్క పోగు తప్పితే చీర మొత్తం తెలిసిపోయినట్టే, ఇక్కడ ఒక్క తీగ తప్పితే ప్రోగ్రామ్ తప్పు. స్పేస్ సూట్లు కుట్టింది కూడా అంతకుముందు ఆడవాళ్ల లోదుస్తులు తయారుచేసే కంపెనీలోని కుట్టుపనివాళ్లే. ఈ చేతుల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ కనబడకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఆల్డ్రిన్ కాకుండా ఆర్మ్‌స్ట్రాంగే ముందు ఎందుకు దిగాడు? అతని ఫోటోలు ఎందుకు లేవు?

ల్యాండర్ తలుపు కుడివైపున్న ఆల్డ్రిన్ వైపుకు తెరుచుకుంటుంది. లోపల ఇద్దరు నిలబడటానికే చోటు. సీట్లు కూడా లేవు. అంత ఉబ్బిన సూట్లతో ఆల్డ్రిన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను దాటుకుని ముందు బయటికి వెళ్లడం కుదరని పని. నాసా చెప్పిన కారణం ఇది. ఇక ఫోటోలంటారా, బయట ఉన్న రెండున్నర గంటల్లో కెమెరా ఎక్కువసేపు ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరే ఉంది. మనం చూసే ప్రసిద్ధ ఫోటోలోని మనిషి ఆల్డ్రిన్. ఆర్మ్‌స్ట్రాంగ్ అతని హెల్మెట్ అద్దంలో చిన్నగా కనిపిస్తాడు.

అప్పుడు మన దగ్గర టైమ్ ఎంత?

ల్యాండర్ దిగింది జులై 21, సోమవారం తెల్లవారుజామున 1:47కి. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టింది ఉదయం 8:26కి. టీవీ అప్పటికి దేశంలో ఢిల్లీలో మాత్రమే ఉండేది కాబట్టి తెలుగునాట ఆ వార్త రేడియోలో, పేపర్లలో చేరింది. అంతకు రెండు రోజుల ముందే, జులై 19న, ఇందిరాగాంధీ 14 బ్యాంకులను జాతీయం చేసింది. ఈ రెండు వార్తలూ ఒకేసారి వచ్చిపడ్డాయన్నమాట. అదే ఏడాది అక్టోబరులో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కక్ష్యలో పెద్ద నౌకలో ఉండిపోయిన మైకేల్ కాలిన్స్ ముగ్గురూ ప్రపంచ పర్యటనలో భాగంగా బొంబాయి కూడా వచ్చారు.

తిరిగి రాలేకపోతే ఏం చేసేవాళ్లు?

ఏమీ చేయలేరు. ల్యాండర్ పైకి లేచే ఇంజన్ కూడా ఒక్కటే. పైగా ఆ ఇంజన్‌ను సిద్ధం చేసే సర్క్యూట్ బ్రేకర్ పుల్లను సూట్ తగిలి విరగ్గొట్టుకున్నారు. ఆల్డ్రిన్ ఒక ఫెల్ట్ పెన్ను దూర్చి దాన్ని లోపలికి నొక్కాడు. ఇద్దరూ అక్కడే చిక్కుకుపోతే అధ్యక్షుడు నిక్సన్ చదవాల్సిన సంతాప ప్రసంగాన్ని ఆయన ప్రసంగ రచయిత విలియం సఫైర్ ముందే రాసి ఉంచాడు. దాని అవసరం రాలేదు. జులై 24న పసిఫిక్‌లో దిగారు. చంద్రుడి నుంచి ఏవైనా క్రిములు వచ్చి ఉంటాయేమోనని 21 రోజుల క్వారంటైన్ పెట్టారు.

అపోలో-13లో పేలుడు ఎలా జరిగింది?

1970 ఏప్రిల్ 13న, భూమికి మూడు లక్షల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, రెండో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. కారణం వినడానికి చాలా చిన్నది. ట్యాంకులోని హీటర్ స్విచ్‌లు 28 వోల్టులకు చేసినవి. లాంచ్ ప్యాడ్ దగ్గర ఇచ్చేది 65 వోల్టులు. దానికి తగ్గట్టు ట్యాంకును మార్చమని చెప్పినా ఆ స్విచ్‌లను మాత్రం మార్చలేదు. ఫ్లైట్‌కు ముందు ట్యాంకు ఖాళీ చేయడానికి హీటర్ గంటల తరబడి వేసినప్పుడు స్విచ్ అతుక్కుపోయింది. లోపల వేడి వందల డిగ్రీలు దాటినా, మీటరు 27 డిగ్రీల దగ్గరే ఆగిపోయేలా ఉండటంతో ఎవరికీ తెలియలేదు. వైర్ల మీది ఇన్సులేషన్ కాలిపోయింది. తర్వాత అంతరిక్షంలో ట్యాంకును కలిపే ఫ్యాన్ వేయగానే నిప్పు.

క్యాప్సూల్‌కు ఆక్సిజన్, కరెంటు అయిపోతుండటంతో వ్యోమగాములు లోవెల్, స్వైగర్ట్, హేజ్ ల్యాండర్‌లోకి మారిపోయారు. ఇద్దరికి రెండు రోజులకు సరిపడేలా చేసిన దాంట్లో ముగ్గురు నాలుగు రోజులు గడపాలి. చలి గడ్డకట్టే స్థాయికి దగ్గరగా, నీళ్లు రోజుకు ఒక గ్లాసు. ఊపిరితో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే డబ్బాలు ల్యాండర్‌వి గుండ్రం, క్యాప్సూల్‌వి చతురస్రం. కింద ఇంజనీర్లు ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, సూట్ గొట్టాలు, అంటుకునే టేపుతో ఒక అడాప్టర్ తయారుచేసి, ఎలా చేయాలో రేడియోలో చదివి వినిపించారు. ఏప్రిల్ 17న ముగ్గురూ ఇల్లు చేరారు.

సోవియట్ యూనియన్ ఎందుకు వెళ్లలేకపోయింది?

వాళ్ల రాకెట్ శిల్పి సెర్గీ కొరొల్యోవ్ 1966 జనవరిలో ఆపరేషన్ సమయంలో చనిపోయాడు. వాళ్ల ఎన్-1 రాకెట్ మొదటి దశలో 30 ఇంజన్లు. వాటన్నిటినీ కలిపి నేల మీద ఒక్కసారి కూడా మండించి చూడలేదు. 1969 నుంచి 1972 వరకు నాలుగుసార్లు ఎగరేస్తే నాలుగుసార్లూ విఫలం. 1969 జులై 3న జరిగిన రెండో ప్రయత్నంలో అది లాంచ్ ప్యాడ్ మీదే కూలి ప్యాడ్‌ను నాశనం చేసింది. పోటీ అక్కడితో ముగిసినట్టే. రోబోలతో మాత్రం వాళ్లు ఘనంగానే చేశారు. 1970లో లూనా-16 మట్టి తెచ్చింది, లూనోఖోద్-1 బండి చంద్రుడి మీద నెలల తరబడి తిరిగింది.

ఇదంతా స్టూడియోలో తీశారంటారు. ఏం చెప్పమంటారు?

జెండా ఊగినట్టు కనబడటానికి కారణం పైన అడ్డంగా పెట్టిన కడ్డీ. నక్షత్రాలు కనబడకపోవడానికి కారణం ఎండలో మెరిసే నేలకు సరిపోయేలా పెట్టిన ఎక్స్‌పోజర్. మీరు రాత్రి స్టేడియం ఫ్లడ్‌లైట్ల కింద ఫోటో తీసి చూడండి, ఆకాశం నల్లగానే వస్తుంది. అపోలో 11, 14, 15 వాళ్లు పెట్టి వచ్చిన అద్దాల మీదికి ఇప్పటికీ లేజర్ కొట్టి భూమికి దూరం కొలుస్తున్నారు. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్ఆర్ఓ తీసిన ఫోటోల్లో ల్యాండర్ల కింది భాగాలు, వ్యోమగాముల నడక దారులు కూడా కనిపిస్తాయి. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం సోవియట్ యూనియన్. ఒక్క లోపం దొరికినా ప్రపంచమంతా చాటే దేశం, ఎన్నడూ అది అబద్ధమని అనలేదు.

మరి ఎందుకు ఆపేశారు?

డబ్బు. మొత్తం ఖర్చు 2,540 కోట్ల డాలర్లు, ఒక దశలో నాలుగు లక్షల మంది పనిచేశారు. గెలిచాక ఆ ఖర్చు భరించే ఉత్సాహం పోయింది. వియత్నాం యుద్ధం ఒకవైపు. 18, 19, 20 రద్దయ్యాయి. 1972 డిసెంబరులో అపోలో-17తో ముగిసింది. బాధ కలిగించే విషయం ఏమిటంటే, అసలు సైన్సు పుంజుకున్నది చివరి మూడు యాత్రల్లోనే. రోవర్ మీద కిలోమీటర్లు తిరిగారు, మూడేసి రోజులు ఉన్నారు. జియాలజిస్టు అయిన హారిసన్ ష్మిట్ వెళ్లింది ఆఖరి దాంట్లో. అతనికి అక్కడ నారింజ రంగు మట్టి దొరికింది. అది 350 కోట్ల ఏళ్లకు పైగా వయసున్న అగ్నిపర్వతపు గాజు పూసలు.

అపోలో యాత్రల్లో మొత్తం మీద చంద్రుడి దాకా వెళ్లింది 24 మంది, నడిచింది 12 మంది.

వాళ్లు తెచ్చిన రాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నాయి? మనకేమైనా సంబంధం ఉందా?

382 కిలోల రాళ్లు, మట్టి తెచ్చారు. ఎక్కువ భాగం హ్యూస్టన్‌లోని జాన్సన్ స్పేస్ సెంటర్‌లో నైట్రోజన్ నింపిన పెట్టెల్లో ఉన్నాయి. వాటిని బట్టే చంద్రుడు ఒకప్పుడు కరిగిన శిలల సముద్రమని శాస్త్రవేత్తలు ఊహించారు. 2023 ఆగస్టు 23న దక్షిణ ధ్రువం వైపు దిగిన చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ కొలిచిన నేల కూడా ఆ ఊహకు సరిపోయింది. అపోలో వాళ్లెవరూ చేరని ప్రాంతం అది. చంద్రుడు పూర్తిగా ఎండిపోయిన చోటని అపోలో రాళ్లు చూసి చాలా కాలం అనుకున్నారు. 2008లో ఆ గాజు పూసలనే కొత్త పరికరాలతో చూస్తే నీటి జాడ దొరికింది. అదే ఏడాది శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1లోని నాసా పరికరం, ఉపరితలం మీద కూడా నీటి ఆనవాళ్లు ఉన్నాయని చూపించింది. అపోలో-17 తెచ్చిన ఒక మట్టి గొట్టాన్ని భవిష్యత్తులో మంచి పరికరాలు వస్తాయని సీలు వేసి దాచారు. దాన్ని 2022లో తెరిచారు. పరిశోధన కోసం కావాలంటే ఇతర దేశాల శాస్త్రవేత్తలు కూడా ఆ నమూనాలకు దరఖాస్తు చేసుకోవచ్చు.